దర్వాజలో ట్రాక్టరు

జనగామ శివారులో నేను ఆటలు నేర్పే ఆడపిల్లల బడికి ఈ మధ్య ఎవరో పుణ్యాత్ములు ఒక పాత గడ్డికోత బండిని దానం చేశారు. మీద కూర్చుని నడిపే రకం. చూడటానికి చిన్న ట్రాక్టరులా ముద్దుగానే ఉంటుంది కానీ గేరు పడదు. పడిందా, ఇక ఊడిరాదు. దానం ఎందుకు చేశారో రెండో రోజే అర్థమయింది. మొన్న ఆదివారం వాచ్‌మన్ మల్లన్నా నేనూ దాని సీటు కింది రేకు విప్పితే లోపలినుంచి గేరునూనె వాసన గుప్పుమంది. కుళ్లిన కోడిగుడ్డుకూ మాడిన వెల్లిపాయకూ నడుమ రకం వాసన అది, చేతికంటితే రెండు పూటలు అన్నంలో కూడా తగులుతుంది. మల్లన్న సుత్తె అందుకుని, "జర ఒక్క దెబ్బేస్త మేడం, అదే పడ్తది" అన్నాడు. నేను ఎంత గట్టిగా అరిచానంటే మైదానం అవతల కబడ్డీ ఆడుతున్న పిల్లలు కూత ఆపి నావైపు చూశారు. ఇరుక్కున్న గేరు మీద బలం చూపించకూడదని నాకు తొమ్మిదేళ్ల వయసులోనే తెలుసు. అది తెలిసిన రోజు సద్దుల బతుకమ్మ, తొమ్మిది రోజుల బతుకమ్మ పండుగలో ఆఖరి రోజు.

మా ఊరు నెల్లికుదురు దగ్గర చిన్న పల్లె. వానలు వెనకపట్టు పట్టి, పత్తిచేలలో మొదటి కాయ పగిలే రోజుల్లో, గట్ల మీద తంగేడు పసుపుపచ్చగా విచ్చుకుని, గునుగు తెల్లగా నిలబడి, ఊరంతటికీ పూల పిచ్చి పట్టేది. పిల్లలం తెల్లారకముందే సంచులు భుజాన వేసుకుని, మంచుకు తడిసిన గడ్డిలో మోకాళ్లదాకా నానుతూ పూలకు పోయి, ఎవరి గట్టు ఎవరిదని తగాదాలు పడి, గునుగు కొసలను రంగునీళ్లలో ముంచి, అరచేతులు నీలంగా ఎర్రగా చేసుకుని, ఆ చేతులతోనే మక్కపేలాలు తిని తిట్లు తినేవాళ్లం. ఇంట్లో నువ్వులు వేగే వాసన, చింతపండు పులుసు ఉడికే వాసన, మలీద కోసం వేడి రొట్టెలు విరిచి బెల్లంతో పిసికే వాసన. ఆ వాసనలకు కచ్చకాయల ఆట మీద మనసు నిలవక ఓడిపోయేదాన్ని. పెరుగు సద్ది మీద చెయ్యి వేస్తే నాయినమ్మ గరిటెతో ఒక్కటిచ్చేది. చెప్పొద్దూ, నాకు దసరాకన్నా సద్దుల రోజే పెద్ద పండుగ.

మా ఇంటికి ఒకటే దారి. ఎడ్లబండి పట్టేంత దర్వాజ, దానికి టేకు తలుపులు, కింద రాతి గడప. మిగతా మూడు వైపులా నిలువెత్తు మట్టిగోడలు, వాటికి ఆనుకుని దాయాదులైన పాలివాళ్ల ఇళ్లు. వెనక ఒకప్పుడు చిన్న తలుపుండేదట, ఎప్పటిదో హద్దు తగాదాలో అదీ మూసేశారు. మనుషులు, బర్రెలు, పేడగంపలు, పెళ్లివాళ్లు, పీనుగులు, ఎవరైనా ఆ దర్వాజలోంచే. దాని పక్కన గద్దె మీద ముక్కుపొడి డబ్బీతో కూర్చుని మా నాయినమ్మ వచ్చేపోయేవాళ్లను పలకరించేది, పలకరించడంకన్నా ఎక్కువ ఆరా తీసేది. మా తాత ఎడ్లబండి చక్రం కింద పడి పోయాడు. అప్పటినుంచి చక్రమున్న ప్రతి వస్తువుకూ ఆమె దండం పెట్టేది, నా మూడు చక్రాల సైకిలుకు కూడా బొట్టు పెట్టింది. అప్పట్లో నవ్వుకునేవాళ్లం కానీ అది భయమని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

అమ్మ పుట్టిన ఊరు భూపాలపల్లి అవతల అడవి అంచున ఉండేది. సద్దులకు ఆడబిడ్డ పుట్టింటికి పోవడం మా వైపు రివాజు. అమ్మ మాత్రం ఎన్నో ఏళ్లుగా పోలేదు. ఒక ఏడు పత్తి తీత, ఒక ఏడు బర్రె ఈనింది, ఒక ఏడు నాకు జ్వరం, ఏదో ఒకటి ఆమె కాలికి అడ్డం పడేది. ఆ ఏడు మామ, అంటే అమ్మ తమ్ముడు, కబురు పంపాడు. ఊరి కింద బొగ్గు పడింది, పండుగ అయిపోగానే ఊరంతా ఖాళీ చెయ్యాలి, మన వాగు ఒడ్డున ఇదే ఆఖరి బతుకమ్మ, పెళ్లిళ్లయి పోయిన ఆడబిడ్డలందరూ వస్తున్నారు, నువ్వూ రావాలి. సద్దుల పొద్దున తనే వచ్చి తీసుకుపోతానన్నాడు. అమ్మ తన పెళ్లినాటి చీర తీసి సంచిలో పెట్టింది, రోజూ తీసి చూసుకుని మళ్లీ పెట్టేది. చిన్ననాటి సోపతుల పేర్లు నాకు వినిపించేలా ఒక్కొక్కటే తలుచుకునేది. పిండి విసురుతూ పాడుకునేది. అమ్మ గొంతు అంత బాగుంటుందని నాకు అప్పుడే తెలిసింది.

సరిగ్గా ఆ పొద్దుననే బాపు ట్రాక్టరు తెచ్చాడు. దేవరుప్పుల దగ్గర ఎవరో వాడి వాడి వదిలించుకున్న బండి. రంగు వెలిసిపోయింది, గేరు మార్చినప్పుడల్లా పళ్లు కొరికినట్టు చప్పుడు, గేరుకడ్డీ మొదట్లో ఉండాల్సిన రబ్బరు చిరిగి వేలు దూరేంత కంత. "గేరు జర తకరారున్నది, నూనె మారిస్తే అయితది" అన్నాడు బాపు, పెళ్లికొడుకులా సీటు మీంచి దిగకుండానే. నాయినమ్మ దిగులు వేరు. ఇంకొకరు వాడిన బండి, ఎవరి ఏడుపు అంటిందో, ఎవరి ఉసురు తగిలిందో. కడగందే గడప తొక్కనియ్యనంది. బిందెలకు బిందెలు పసుపునీళ్లు తెప్పించి బానెట్ మీద, సీటు మీద, గేరుకడ్డీ మీద కుమ్మరించింది. కుంకుమ పెట్టింది, కొబ్బరికాయ కొట్టింది, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. చివరికి నల్లదారానికి గవ్వలు గుచ్చి గేరుకడ్డీ మొదట్లో కట్టింది. నడిపేవాడి చెయ్యి ఎప్పుడూ అక్కడే ఉంటుంది కనుక రక్ష కూడా అక్కడే ఉండాలని ఆమె లెక్క.

బాపు బండిని లోపలికి తీసుకున్నాడు. ముందు చక్రాలు గడప దాటాయి. పెద్ద చక్రాలు గడపకు తగిలి ఆగితే ఇంకో గేరు వేయబోయాడు. దారం ఆయన చేతికి తగులుకుని తెగింది, కర్రుమని చప్పుడయింది, కడ్డీ మధ్యలో ఆగిపోయింది. అక్కడ ఆగి దిగి చూస్తే ఎంత బాగుండేది! ఊరంతా చూస్తుండగా సిగ్గుపడే మనిషి కదా, రెండు చేతులా పట్టుకుని కాలు ఆనించి లాగాడు. లోపల ఏదో టక్కుమంది, ఇంజను గుటుక్కున ఆగింది, అంతే. క్లచ్చు తొక్కినా బండి కదలదు, పదిమంది నూకినా కదలదు. దర్వాజకు బిరడా పెట్టినట్టయింది. పెద్ద చక్రాలకూ గోడలకూ నడుమ పిల్లి మాత్రం పట్టే సందు మిగిలింది.

మగవాళ్లకు ఏ ఇబ్బందీ లేదు. బాపు సీటు మీంచి అటు దిగి, ట్రాక్టరు మేస్త్రీని తెస్తానని మానుకోటకు పోయాడు. ఆడవాళ్లం లోపలే ఉండిపోయాం. పూజ చేసిన బండిని ఆడది కాలితో దాటకూడదు, నాయినమ్మ మాట అది. నడిపేవాడి కాలికి దోషం లేదట, మా కాళ్లకే ఉందట! నేను బండి కింద దూరబోతే జడ పట్టుకుని వెనక్కి లాగింది. బర్రెలు కూడా బయటికి పోలేక కట్టుకొయ్యల దగ్గర అరవసాగాయి. పాలివాళ్లు గోడ మీంచి గడ్డిమోపులు విసిరారు.

పొద్దు కాస్త పైకెక్కాక మామ వచ్చాడు. రాత్రంతా బస్సులు మారి వచ్చిన మనిషి, దర్వాజ బయట ట్రాక్టరు వెనక నిలబడి నోరు తెరిచాడు.

"గిదేంది అక్కా, గిట్లాయె?"

"మీ బావ మేస్త్రీ కోసం పోయిండు తమ్మీ. జరసేపు ఆగు" అంది అమ్మ బానెట్ ఇవతలినుంచి.

మామ ఆగాడు. అమ్మ చీర కట్టుకుని, సంచి చంకన పెట్టుకుని, బండి పక్కనే నిలబడింది. మధ్యాహ్నపు బస్సు తప్పితే చీకటిపడే లోపు చేరలేరు. మామ మాటిమాటికీ ఎండ వైపు చూస్తున్నాడు. చివరికి అమ్మ మెల్లగా, "అత్తా, నిచ్చెనేసుకొని గోడ దిగిపోనా?" అనడిగింది.

"పండుగ పూట గోడ దూకి పోతవా పిల్లా? నలుగురేమంటరు?" అంది నాయినమ్మ.

గోడ దూకిందన్న మాట ఆడదాని మీద పడితే మా ఊళ్లో దానికి ఎన్ని అర్థాలు తీస్తారో అమ్మకు తెలుసు. ట్రాక్టరు దాటనా అని కూడా అడగలేదు. నాయినమ్మ కళ్లలో నీళ్లున్నాయి, చక్రం వైపు చూస్తూ ఏదో గొణుక్కుంటోంది. ఆమె మొండితనమే అయితే అమ్మ ఎదిరించేదేమో. భయపడుతున్న ముసలిదాన్ని ఎలా ఎదిరిస్తుంది?

అమ్మ సంచి దింపింది. తాంబాలంలో గుమ్మడాకులు పరిచి, కింద తంగేడు, దాని మీద గునుగు, మళ్లీ తంగేడు, మధ్యలో బంతి, ఇలా వరసలు పేర్చుకుంటూ పోయింది. అంత ఎత్తు బతుకమ్మను మా ఇంట్లో నేను మళ్లీ చూడలేదు. పైన గుమ్మడిపువ్వులో పసుపు గౌరమ్మను నిలిపి, రెండు చేతులతో ఎత్తి సీటు మీంచి మామకు అందించింది.

"నా పేరు జెప్పి వాగుల సాగనంపు తమ్మీ."

మామ తలపాగా చుట్ట చేసుకుని దాని మీద తాంబాలం పెట్టుకున్నాడు. ఏడుస్తున్నాడేమో, వెనక్కి తిరిగి చూడలేదు. నాకు నాయినమ్మ మీద, బాపు మీద, ఆ దరిద్రపు బండి మీద ఎంత కోపం వచ్చిందంటే, ఏడాదంతా ఎదురుచూసిన సద్దులు ఒక్క మెతుకు ముట్టలేదు. సాయంత్రం వీధిలో ఊరి ఆడవాళ్లు చప్పట్లు చరుస్తూ ఆడుతుంటే పాటలు గోడ మీంచి వచ్చి మా వాకిట్లో పడ్డాయి. అమ్మ బర్రె పొదుగు దగ్గర తల వంచుకుని కూర్చుంది. బాపు ఒట్టిచేతులతో వచ్చాడు. పండుగనాడు మేస్త్రీలెవరూ దొరకలేదట.

మర్నాడు మేస్త్రీ వచ్చాడు. గేరుడబ్బా మీది మూత విప్పాడు. నూనె పసుపునీళ్లు కలిసి చిక్కటి చాయలా తెల్లబడి ఉంది. తీగ వంచి లోపల కెలికి ఒక గవ్వను బయటికి తీశాడు. "గిది అడ్డం పడ్డది. నువ్వు గుంజేసరికి రెండు గేర్లు ఒక్కపారే పడ్డయి. ఇగ చక్రమెట్ల తిరుగుతది?" అని బాపును కోప్పడి, పేచ్‌కస్‌తో, అదే స్క్రూడ్రైవరుతో, లోపల ఒక్క నూకు నూకాడు. ఆయన బీడీ ఇంకా సగం కూడా కాలలేదు. బాపు ఒంటిచేత్తో తోస్తే బండి వెనక్కి దొర్లింది. దర్వాజ తెరుచుకుంది. అమ్మ చెత్తగంప తీసుకుని బయటికి వెళ్లి, పారబోసి, మళ్లీ లోపలికి వచ్చింది.

వారం తర్వాత పుట్టింటికి వెళ్లింది, సామాన్లు మూటలు కట్టడానికి. అప్పటికి సోపతులెవరూ లేరు.

ఇప్పుడు ఆ టేకు తలుపులు లేవు, మట్టిగోడలు లేవు. వాటి చోట ఇనుప గేటు, సిమెంటు ప్రహరీ వచ్చాయి. ట్రాక్టరు పాత ఇనుముకు పోయింది, బాపూ నాయినమ్మా పోయారు. గునుగుకు పోయే పిల్లలూ లేరు, పూలు సంతలో కొంటున్నాం, పాటలు డబ్బాల్లోంచి వస్తున్నాయి. నిరుడు సద్దుల రోజున అమ్మను కారులో భూపాలపల్లి అవతలికి తీసుకుపోయాను. కంచె అవతల చూపు ఆనని బొగ్గుగుంత, దాని పక్కన గుట్టంత మట్టికుప్ప. వాగు ఏదో, వాడ ఏదో అమ్మ పోల్చుకోలేకపోయింది. నాకు పాత కోపం మళ్లీ పొంగింది.

"ఆ ముసల్ది ఆ రోజు నిన్ను ఆపకపోయుంటేనా!" అన్నాను.

"మీ నాయినమ్మ బర్రెల కాడికి పోయినప్పుడు బండి దాటుదామని కాలెత్తిన, బిడ్డా. ఎవ్వరు సూడలే. మల్ల దించుకున్న" అంది అమ్మ.

"ఎందుకు దించుకున్నవే?"

అమ్మ కంచె పట్టుకుని గుంతలోకే చూస్తోంది.

"ఖాళీ జేసినా ఊరు ఏడికి పోతది అనుకున్న."