చెయ్యీ చెయ్యీ కట్టుకున్న పరుగు

“మీరు పరుగెత్తక్కర్లేదండి. స్టేజీ మీద కుర్చీ వేయిస్తాం, కూర్చుంటే చాలు. మిమ్మల్ని చూస్తే జనం మనసు కరిగిపోద్దండి” అన్నారు సెక్రటరీ గారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. నాకు పుట్టుకతోనే చూపు లేదు. చూపులేని ఆడపిల్లలకు కంప్యూటర్ నేర్పే సంస్థ వాళ్ళది. నేనూ అక్కడే నేర్చుకుని ఉద్యోగం తెచ్చుకున్నాను. ఆ పిల్లలకు హాస్టల్ కట్టడానికి విరాళాల కోసం హాఫ్ మారథాన్ పెట్టారు, ఇరవై ఒక్క కిలోమీటర్లు. పరుగెత్తేవాళ్ళందరూ కళ్ళున్నవాళ్ళే. ఎవరికోసం ఈ పరుగో వాళ్ళు మాత్రం కుర్చీలో కూర్చుని జాలి పుట్టించాలట!

“కుర్చీ వద్దు సార్. నేనూ పరుగెత్తుతాను.”

ఆయన యానాం నుంచి వచ్చి మా ఊళ్ళో స్థిరపడిన పెద్దమనిషి. మాట మెత్తన, మనసు మంచిది. చిక్కంతా అక్కడే. గంటసేపు బతిమాలి, చివరికి ఒక మాటన్నారు: వెనకబడినవాళ్ళను ఎక్కించుకోవడానికి వ్యాన్ ఒకటి వస్తుంది, మొండికేయకుండా ఎక్కేయండి అని. “మీ వ్యాన్ ఖాళీగానే వస్తుంది, చూస్తూ ఉండండి” అన్నాను. నోరు జారాక వెనక్కి తగ్గేదెక్కడ?

దారి చూపే మనిషి కావాలి. మా పేట నెల్లితోపులో, మా ఇంట్లో తెల్లారకముందే లేచేది మా వదిన ఒక్కతే.

“టౌన్ బస్సు ఎనకాల తప్ప నేను యాడా పరిగెత్తి ఎరగను. నన్ను నమ్ముకుంటే కుక్క తోక పట్టుకోని గోదారి ఈదినట్టే” అంది వదిన. అంటూనే, తన లంగా నాడా ఒకటి లాగి, ఒక కొస నా మణికట్టుకు, ఇంకో కొస తన మణికట్టుకు ముడేసింది. చేతులు కలిపి కట్టుకోమని సంస్థవాళ్ళిచ్చిన రబ్బరు పట్టీ చెమటకు జారేది గానీ నాడా జారలేదు.

పొద్దున్నే బండ్లను రానివ్వని బీచ్ రోడ్డులో మా సాధన. “గుంత ఉండాది, కాలెత్తు.” “ఇట్ల రా, కుక్క పండుకోనుండాది.” “ముందర ఒక తాత పోతా ఉండాడు. ఓయమ్మా, మనకన్నా జోరుగా ఉండాడే!” నవ్వు ఆపుకోలేక ఇద్దరం ఆగిపోయేవాళ్ళం.

పరుగు రోజు సగం దాకా బాగానే సాగింది. దారి పక్కన ఎవరో “అయ్యో, పాపం” అన్నారు. “నిలబడి చూస్తున్నారు, పాపం మీరే!” అని అరిచాను. వదిన నాడా గుంజి, “ఊపిరి దాచిపెట్టుకోవే” అంది.

ఉప్పళం పేట దాటాక నాడా ఒక్కసారిగా కిందికి లాగింది. వదిన రోడ్డు మీదే కూలబడింది.

“పిక్క పట్టేసిందే. నాకు చేతకాదు. ఇంగెవురితోనన్నా కట్టుకోని నువ్వు పో.”

ఇంతలో వెనక వ్యాన్ వచ్చి ఆగింది. “ఎక్కండమ్మా, పోదాం” అన్నాడు డ్రైవర్. నాకు ఏడుపొచ్చింది. ఎక్కితే “ముందే చెప్పాం కదండీ” అంటారు. రేపు ఆ పిల్లల్లో ఎవరైనా పరుగెత్తుతానంటే నన్ను చూపించి కుర్చీ వేస్తారు. వదినను రోడ్డు మీద వదిలేసి పోవడమా, అది నావల్ల కాదు.

“గోదారి నడిమధ్యన కుక్క కూచుంటానంటే ఎట్ల వదినా? లెయ్!”

పిక్క పట్టుకుని గట్టిగా పిసికాను. నన్ను తిట్టింది, నవ్వింది, మళ్ళీ తిట్టింది. ఆమె చేతిని నా మెడ చుట్టూ వేసుకుని, నడుం పట్టి లేపాను. “దారి నువ్వు చెప్పు, బరువు నేను మోస్తా.”

ఇక పరుగు లేదు, ఈడ్పే. వ్యాన్ గుర్రుగుర్రుమంటూ మా వెనకే వచ్చింది. మా వదిన బరువెంతో మా అన్నకైనా తెలుసో లేదో, నాకు మాత్రం ఆ రోజు తెలిసింది. ఉప్పుగాలి మొహానికి తగిలేసరికి, పరుగు ముగిసే బీచ్ రోడ్డుకు వచ్చేశామని ఆమె చెప్పకముందే నాకు తెలిసిపోయింది.

అందరికన్నా ఆఖర్న గీత దాటాం. సెక్రటరీ గారు మైకులో అన్నారు: “చూపులేని ఈ సోదరిని ఇంతదూరం నడిపించుకొచ్చిన ఈ మహాతల్లికి చప్పట్లండీ!” మెడల్ తీసుకెళ్ళి వదిన మెళ్ళో వేశారు.

వదిన ఆయన చేతిలోంచి మైకు లాక్కుంది.

“ఏంది సార్, మీకు కండ్లుండాయి గదా? కుంటతా ఉండేది ఎవురో చూడండి. నన్ను మోసుకోనొచ్చింది ఇది.”

వదిన మెడల్ తీసి నా మెళ్ళో వేసింది. సెక్రటరీ గారు నా దగ్గరకొచ్చి, “స్టేజీ మీద కుర్చీ వేయించామండి...” అని నసిగారు.

“మంచిది సార్. మా వదినను కూర్చోబెట్టండి. పాపం, నడవలేదు” అన్నాను.