ఆరో పాటలో షరీఫా బిర్యానీ

మజీదా మామా పాటల్లో ఆరోదానిలో, వాయిద్యాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయి వినేవాళ్లు ఊపిరి బిగబట్టేచోట, ఒక ఆడగొంతు వినిపిస్తుంది. "ఈ శుక్రవారం గూడా షరీఫా బిర్యానీనేమే. అన్నం తింటాండామో ఉప్పు తింటాండామో తెలీదు. ముక్క కోసం దేవులాడుకోవాల," అంటుంది. వెంటనే డప్పులు మోగుతాయి.

ఆ గొంతు సుబ్బరత్నమ్మది. రాయచోటి నుంచి కువైట్ వచ్చి, మిష్రిఫ్‌లో మజీదా మామా ఇంట్లో వంట చేస్తోంది.

మామా అంటే అక్కడ ఇంటి యజమానురాలు; ఈ మామా ఒకప్పుడు పేరున్న పాప్ గాయని. పదేళ్ల కిందట వంటింటి పక్కగదిలో, గోడలకు పరుపులు కొట్టించి, వాయించేవాళ్లను పిలిపించి ఈ పాటలు రికార్డు చేసింది. ఎదురుగా మనిషి లేకపోతే ఆమెకు గొంతు పెగలదు. అందుకని సుబ్బరత్నమ్మను కుర్చీలో కూర్చోబెట్టేది. అరబ్బీ పాట అర్థం కాకపోయినా తల ఊపాలి, చప్పుడు చేయకూడదు. దానికంటే గొర్రెను వండటం సులువని సుబ్బరత్నమ్మ అభిప్రాయం. ఆరో పాటలో వాయిద్యాలు ఆగగానే, హమ్మయ్య, ఖలాస్ అనుకుని ఊళ్లో చెల్లెలికి ఫోన్లో వాయిస్ మెసేజ్ పెట్టడం మొదలుపెట్టింది. మామా విన్నది. కానీ తన పాటకు సుబ్బరత్నమ్మ కరిగిపోయి ఏదో ప్రార్థన చేస్తోందనుకుని, కళ్లు కూడా తెరవకుండా తర్వాతి చరణం ఎత్తుకుంది.

అప్పటి పాటల కంపెనీవాళ్లు ఇవి ఎవరు వింటారని పాటల్ని మూలన పడేశారు. ఈ ఏడాది జనానికి పాత గొంతుల మీద మోజు పుట్టి, ఇంకో కంపెనీ బయటికి తీసింది. అందరి ఫోన్లలో ఆరో పాటే.

సుబ్బరత్నమ్మ విని గరిటె జారవిడిచింది.

"ఆ మాటలకు అర్థమేంది?" అని అడిగింది మామా, ముచ్చటగా.

"దువా, మామా," అని దాన్ని ప్రార్థన చేసేసింది సుబ్బరత్నమ్మ. గరిటె కడుగుతూ, "దాన్ని తీసేయమని చెప్పకూడదా?" అంది.

"దువాను ఎవరైనా తీసేస్తారా! జనం ఏడ్చేదే అక్కడ!"

అరబ్బులు ఏడిస్తే ఏడవనీ. సుబ్బరత్నమ్మ దిగులంతా ఫహాహీల్‌లో ఉన్న షరీఫా బీ గురించి. బట్టలు కుట్టే షరీఫాదీ రాయచోటే. సుబ్బరత్నమ్మకు సెలవు శుక్రవారం. ప్రతి శుక్రవారం బస్సెక్కి ఆ ఇంటికి పోవాలి, బిర్యానీ తినాలి, "అబ్బ, ఏం రుచి షరీఫా!" అనాలి. ఈ దేశంలో అడక్కుండా చెప్పులు విడిచి లోపలికి పోగలిగిన గుమ్మం అదొక్కటే. అది మూసుకుంటే శుక్రవారాలు ఏం చేసుకోవాలి?

ఆ శుక్రవారం గుమ్మంలో షరీఫా భర్త మునాఫ్ ఎదురొచ్చాడు. పెళ్లయిన నాటి నుంచీ తను అనలేకపోయిన మాట కువైట్ అంతా మోగుతుంటే ఆ మనిషి మొహం పెళ్లికొడుకులా వెలిగిపోతోంది.

"రా సుబ్బక్కా, రా! అర్దియాలో మనోళ్లంతా దాన్నే రింగ్‌టోన్ పెట్టుకున్నారంట!"

"నువ్వు బయటికి పో," అంది లోపలి నుంచి షరీఫా.

మునాఫ్ నవ్వు మింగి పోయాడు. బిర్యానీ దేగిసా పొయ్యి మీదే ఉంది, మూత మాత్రం తీయలేదు. షరీఫా దానికి అడ్డంగా, గరిటె పట్టుకుని నిలబడింది.

"నేను మెసేజ్ చివర్న నిన్ను మంచిదనే అన్నానే," అంది సుబ్బరత్నమ్మ. "ఆ డప్పులోళ్లే మింగేసినారు."

"తోబా! డప్పుల మీదకి తోస్తావా?"

సుబ్బరత్నమ్మ ఎప్పట్లాగే గూట్లోంచి తన ప్లేటు తీసుకుని చాప మీద కూర్చుంది.

షరీఫా గరిటె ఎత్తింది. "ఇన్నేండ్లు నా చేతి బిర్యానీ తిని, మొగం మీద ఆహా అని, ఇట్లా దేశమంతా దండోరా వేస్తావా అక్కా?"

సుబ్బరత్నమ్మ ప్లేటు ముందుకు చాపింది.

"అది అప్పటి బిర్యానీ షరీఫా, ఇప్పటిది ఎట్లుందో చెప్పాలంటే ముందు పెట్టు మరి."