తాతయ్యకు మిగిలిన మాటలు

నా చిన్నప్పుడు, ఏన్కూరు దగ్గర మా ఊళ్లోకి సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజుల్లో, మా తాతయ్య నాకు మాటలు నేర్పింది ఎద్దు ఒంటి మీదనే. నా చెయ్యి పట్టుకుని ఒక్కొక్క చోట ఆనించేవాడు. మూపు మీద ఉంటుంది కనుక మూపురం అనేవాడు. మెడ కింద వేలాడే తోలు, ఎద్దు నీళ్లు తాగేటప్పుడు గంగలా అలలు తిరుగుతుందట, అందుకని గంగడోలు. నిజమో, ఆయన కల్పనో నేను ఇప్పటికీ ఎవరినీ అడగలేదు. అడగాలనీ లేదు.

నేను మూడో తరగతిలో ఉండగా ఆయనకు పక్షవాతం వచ్చింది. ఖమ్మం దవాఖానా నుంచి ప్రాణంతో తిరిగొచ్చాడు గానీ మాట పోయింది, మనుషుల గుర్తు పోయింది. చూడటానికి వచ్చినవాళ్లంతా మంచం చుట్టూ నిలబడి "నేనెవర్ని, చెప్పు" అని అడిగేవాళ్లు. ఆయన పెదవులు కదిపి, మాట రాక, గోడవైపు తిరిగేవాడు. నాకు ఒళ్లు మండేది. పరామర్శకు వచ్చారా, పరీక్ష పెట్టడానికి వచ్చారా?

మా నాయనమ్మ మాత్రం ఎప్పుడూ అలా అడగలేదు. తనను పోల్చుకుంటాడో లేదో అన్న దిగులు అందరికంటే ఆమెకే ఎక్కువ. అయినా రోజూ పొద్దున్నే ఆయన్ని కొట్టం దాకా నడిపించి, ఆయన చెయ్యి ముసలి ఎద్దు మీద పెట్టి ఊరుకునేది. కొన్నాళ్లకు ఆయన నోట "మూపురం" అని వచ్చింది. తర్వాత గంగడోలు. ఇంకోనాడు వంగి కాలు తడిమి, గిట్ట. నాయనమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది.

ఒకరోజు ఆయన వేళ్లు ఎద్దు మీద నుంచి జారి ఆమె అరచేతిలో పడ్డాయి. నాట్లు వేసీ, తునికాకు కోసీ బండబారిన చెయ్యి అది. ఆయన చాలాసేపు తడిమాడు. ఆమె మొహంలోకి చూసి, "గిట్ట" అన్నాడు.

"కాదు తాతయ్యా" అనబోతే నాయనమ్మ నన్ను కళ్లతోనే ఆపింది. "అవ్, గిట్టనే. గట్లనే పట్టుకో," అంది ఆయనతో.

ఆ వానాకాలమే తాతయ్య పోయాడు. ఆమెను పోల్చుకోకుండానే పోయాడు. ఆ రోజు నన్నెందుకు ఆపావని తర్వాతెప్పుడో అడిగాను. "ఆయనకు దొరికిన మాట నాకిచ్చిండు. కాదని గుంజుకుంటనా బిడ్డా?" అంది.

ఇప్పుడు నాయనమ్మకే మతి నిలవడం లేదు. నన్ను చూసి, ఎప్పుడో పోయిన తన చెల్లెలనుకుని, "అన్నం తిన్నవా చెల్లె?" అని అడుగుతుంది. మా అమ్మ సరిదిద్దబోతుంది. నేను "తిన్ననక్కా" అని ఆమె పక్కన కూర్చుంటాను.