తలుపు పట్టని తుమ్మబల్ల

చీలల వదిన అంటే మా వీధిలో తెలియనివాళ్లు లేరు. వడ్రంగం చేస్తుంది. రెండు చెక్కలు కలిసే చోట బిగువు కోసం దిగగొట్టే సన్నని కొయ్యముక్క ఉంటుంది చూశారా, అదే చీల. వదిన చేసిన మంచానికైనా తలుపుకైనా ఇనప మేకు కనబడదు, అంతా చీలలే. ఆ పేరు అలా వచ్చింది.

పని నేర్పింది మామగారు. పెద్దకొడుక్కి రంపప్పొట్టు పడక తుమ్ములొచ్చేవి, బట్టల దుకాణంలో పనికి పోయాడు. చిన్నకొడుకు, అంటే వదిన మొగుడు, పాలిష్ పెడితే అద్దంలా ఉండేది కానీ ఉలి పట్టాడంటే ఎప్పుడు వదిలేద్దామా అన్నట్టుండేవాడు. కాపరానికొచ్చిన కొత్తలో ఈ కోడలు నేల మీది పొట్టు వాసన చూసి ఇది వేప, ఇది పనస అని చెప్పేసరికి, ముసలాయన ఉలి తీసి చేతిలో పెట్టాడు.

చెక్కల గురించి వదిన మాట్లాడితే చుట్టాల గురించి చెబుతున్నట్టే ఉంటుంది. టేకు పెద్దమనిషి, చెదలు కూడా జోలికి రావు, వీధి తలుపు ఆయనకే. వేగిస ద్వారబంధానికి. మద్ది దూలానికి, ఎంత బరువు మోపినా నోరెత్తదు. పనస కుర్చీలకి, మొదట పసుపు పచ్చగా ఉండి వాడేకొద్దీ ఎర్రబడుతుంది. తుమ్మ దెబ్బలు తినేవాటికి: బండి చక్రం, సుత్తి పిడి, పని బల్ల. మామిడి పెట్టెలకీ అటక పలకలకీ తప్ప వద్దంటుంది. ఒకాయన కొడుకు పెళ్లికి మామిడి చెక్కతో మంచం చేయమని వస్తే, "చేస్తాను బాబాయ్, కానీ మొదటి వానకి ఉబ్బి కిర్రుమంటే వీధంతా వింటుంది, తర్వాత నన్ననకండి" అంది. ఆయన అప్పటికప్పుడు టేకుకి ఒప్పుకున్నాడు.

మామగారు పోయాక పంపకాలయ్యాయి. వెనక గదులు చిన్నవాడికి, వీధి వైపున్న పని గది పెద్దవాడికి, అంటే వదిన బావగారికి. గది మధ్యలో మామగారు చేసిన తుమ్మబల్ల సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. వదిన దాని మీదే పని చేసుకుంటూ వచ్చింది. మొన్న వానలు మొదలయ్యాక బావగారికి బుద్ధి పుట్టింది, బట్టల దుకాణం మాని ఆ గదిలో రెడీమేడ్ తలుపుల కొట్టు పెడతానని.

"గది మీది బావగారూ, కాదనను. బల్ల నాకిచ్చేయండి. అది లేకపోతే నాకు పని లేదు."

"గదిలో ఉన్నది గదితోనేనమ్మా. దాని మీద అద్దం పరిచి కౌంటర్ చేస్తాను."

"తుమ్మబల్ల మీద అద్దమా? దున్నపోతుకి కాటుక పెట్టినట్టుంటుంది."

గుమ్మం దగ్గర నిలబడ్డ మేమంతా నవ్వాం. బావగారికి అది తగిలింది. ఆ బల్ల ముందు పుట్టింది, గోడలు తర్వాత లేచాయి. మొదట్లో అక్కడ ఉన్నది రేకుల పాక. బల్లని కదపకుండానే చుట్టూ గోడ కట్టి, చివర్న తలుపు పెట్టారు. బల్ల ఆ తలుపులోంచి పట్టదని వీధిలో అందరికీ తెలుసు.

"సరే, అందరి ముందూ అంటున్నాను" అన్నాడాయన. "రేపు సరుకు దిగేలోపు ఆ బల్ల ఈ తలుపులోంచి బయటికెళ్తే నీది. గోడ మీద చెయ్యి పడకూడదు. బల్లకి రంపం తగలకూడదు, అది మా నాన్న చేసింది."

"మాట మీద ఉంటారా?"

"ఉంటా."

"అయితే కూర్చోండి. కాస్త సేపు పడుతుంది."

ఆయన ఆ బల్ల అంతా ఒకటే దిమ్మ అనుకున్నాడు. ఎన్నేళ్లదో లక్క, బంక, పొట్టు పేరుకుపోయి అతుకు ఎక్కడుందో కనబడదు మరి. కానీ ఏటా ఎండలు ముదిరి చెక్క కుంచించుకుపోయినప్పుడు కిందికి దూరి చీలలు బిగించేది వదినే. దానిలో ఒక్క మేకూ లేదని, బంక చుక్క కూడా అతుకుల్లో లేదని ఆమెకి తెలుసు.

అడ్డు వచ్చింది వాన. తేమకి చీలలన్నీ ఉబ్బి కూర్చున్నాయి. వదిన ఉలితో లక్క గీకి, కొయ్యసుత్తితో సన్నని వైపు నుంచి ఒక్కొక్కటీ తట్టింది. ఒకటొచ్చింది. ఇంకోటొచ్చింది. మూడోది మూలిగి వచ్చింది. చివరిది మాత్రం కొట్టేకొద్దీ తల చితికి పుట్టగొడుగులా విచ్చుకుంది గానీ కదల్లేదు. వదిన వంగి చూసి, వాసన చూసి, మొగుడి వైపు తిరిగింది.

"ఏమండీ, ఇది మావిడి. ఎవరు కొట్టారు?"

ఆయన పైకప్పు వైపు చూశాడు. "నువ్వు పుట్టింటికెళ్లావుగా ఆ ఏడు. మెత్తగా ఉంది, తేలిగ్గా దిగుతుందని..."

"దిగింది. ఇప్పుడు పైకి రమ్మని మీరే చెప్పండి."

బావగారు కాలు మీద కాలేసుకున్నాడు. "ఏమ్మా, సరుకు ఎక్కడ దించమంటావు?"

వదిన ఆ చీల మీద అరచెయ్యి పెట్టి చూసింది. సుత్తి దెబ్బ ఇంకొకటి పడితే బల్ల కాలు చీలిపోవచ్చు. అప్పుడు బల్ల ఎవరికీ కాదు. నెమ్మదిగా లేచి బరమా తీసింది, చెక్కకి బెజ్జం పెట్టేది.

"ఆగు, బల్లకి తగలకూడదన్నాను."

"ఇది బల్ల కాదు బావగారూ. మీ తమ్ముడి తొందర."

వదిన మొగుడితో సహా అందరం పక్కున నవ్వాం. బరమా తిరిగేకొద్దీ తడి మామిడి పొట్టు పేలికల్లా రాలింది. లోపలంతా డొల్ల చేసి వేలితో నొక్కితే చీల నలిగి ఊడొచ్చింది. కాళ్లు విడిపోయాయి. మిగిలింది పై పలక. దాన్ని పక్కకి తిప్పి నిలబెట్టి నలుగురం పట్టుకున్నాం. గుమ్మం దగ్గర కాస్త ఒరిగేసరికి, "తలుపు, తలుపు జాగ్రత్త" అంటూ బావగారే పరుగెత్తుకొచ్చి ఓ చివర పట్టుకున్నాడు.

"పట్టుకున్నారు కదా, ఇంకో నాలుగడుగులు వేయండి" అంది వదిన. వేశాడు. పలక బయటపడింది.

వీధికి అవతల రేకుల పంచ ఒకటి ఖాళీగా ఉంటే, ఇంటాయన్ని అడిగి అక్కడే బల్ల మళ్లీ కూర్చింది, సరిగ్గా బావగారి గుమ్మానికి ఎదురుగా. ఆఖరి చీల చెక్కి మొగుడి చేతికిచ్చింది.

"ఈసారి తుమ్మ. మీరే కొట్టండి."

ఆయన కొట్టాడు. "దిగట్లేదే."

"దిగుతుంది. కాస్త బతిమాలించుకుంటుంది, కొట్టండి."

కొత్త తలుపుల మధ్య నుంచి బావగారు తల బయటపెట్టాడు. "ఈ చప్పుడు రోజూ ఉంటుందా?"

"రోజూ ఉంటుంది బావగారూ" అంది వదిన, చిత్రికకి పదును చూసుకుంటూ.