ఇవాళ ఏ రంగులో ఉన్నారండీ?

మా రామతులసి పిన్ని ఎవరినీ "బావున్నారా?" అని అడగదు. "ఇవాళ ఏ రంగులో ఉన్నారండీ?" అంటుంది. భవానీపురంలో మా అపార్ట్‌మెంట్‌లో కొత్తగా అద్దెకు దిగినవాళ్ళు ఆ మాట వినగానే ముందు తమ చొక్కా చూసుకుంటారు.

"చొక్కా కాదండీ, లోపల!" అంటుంది పిన్ని. అప్పుడు వాళ్ళకి బనీను గుర్తొచ్చి ఇంకా కంగారు పడతారు.

ఇదేం అలవాటని ఎవరైనా అంటే ఊరుకోదు. "కోపమొస్తే ఎర్రబడతాం, చిన్నబుచ్చుకుంటే మొహం నల్లబడుతుంది, ఏం తోచకపోతే తెల్లమొహం వేస్తాం. మాటల్లో ఇన్ని రంగులు పెట్టుకుని, నేను అడిగితేనే తప్పొచ్చిందా?"

మా చెల్లెలు సింధూరి పెళ్ళిచూపులకు పటమట నుంచి పెళ్ళికొడుకు వాళ్ళొచ్చారు. పిన్ని కాఫీ అందిస్తూ పెళ్ళికొడుకు తండ్రితో, "మీరు బాగా నల్లబడ్డారండీ" అంది. మా నాన్న గుండె ఆగినంత పనైంది.

"ఎండన పడి వచ్చాం కదండీ" అంటూ ఆయన రుమాలుతో మొహం తుడుచుకున్నాడు.

"తుడిస్తే పోయే నలుపు కాదండీ. మీ ఆవిడగారు షుగరని మీ ముందునించి కాజాల ప్లేటు లాగేసినప్పట్నుంచీ ఇలాగే ఉన్నారు."

ఆవిడ పకపకా నవ్వి, ఒక కాజా ఆయన చేతిలో పెట్టింది. సంబంధం కుదిరింది.

ఇంకోసారి పిన్ని మోకాళ్ళ నొప్పికి చూపించుకోవడానికి వెళ్ళి, "నాలుగు రోజులుగా పచ్చగా ఉందండీ" అంది. డాక్టరు కామెర్లేమోనని రక్తపరీక్ష రాశాడు. ఈవిడ చెప్పింది మనవరాలు పుట్టిన సంతోషం గురించి!

ఇలాంటి మనిషి ఒకరోజు మా పై ఫ్లాటు జాన్ పాల్ గారి మీద పడింది. బ్యాంకు మేనేజరుగా చేసి రిటైరైన మనిషి. భార్య శౌరమ్మగారు పోయాక తలుపు తీయడమే తగ్గించేశారు. మేం పంపిన క్యారేజీలు ముట్టకుండానే తిరిగొచ్చేవి. ఎవరు పలకరించినా "బాగానే ఉన్నానండి" అని తలుపేసుకునేవారు. మనిషి సగమయ్యారు.

"పిన్నీ, ఆయన్ని మాత్రం వదిలెయ్. దుఃఖంలో ఉన్న మనిషికి రంగులేంటి?" అన్నాను.

వింటేనా? పొద్దున్నే వెళ్ళి బెల్లు కొట్టింది. కంగారుగా నేనూ వెనకే వెళ్ళాను.

"అన్నయ్యగారూ, ఇవాళ ఏ రంగు?"

తలుపు మూసుకుంది. మర్నాడూ అంతే. పిన్ని మానలేదు. ఓరోజు ఆయన తలుపు మూయబోయి ఆగారు.

"బూడిద రంగమ్మా."

"పొడి బూడిదా, తడి బూడిదా?"

ఆయన నిజంగానే ఆలోచించారు. "తడి" అంటూ గుమ్మంలోనే కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చేశారు. పిన్ని కూడా పక్కనే కూర్చుంది.

మెట్లు దిగుతూ నాతో అంది: "బాధగా ఉందా అనడిగితే మగాళ్ళు లేదంటార్రా. రంగు అడిగితే అబద్ధమాడటం వాళ్ళకింకా అలవాటవలేదు."

తర్వాత ఆయన రోజుకో రంగు చెప్పసాగారు. ఓ ఆదివారం పిన్ని మెట్లెక్కకముందే ఆయనే దిగి మా గుమ్మంలోకి వచ్చారు.

"ఇవాళ పచ్చ, చెల్లెమ్మా."

పిన్ని మొహం వెలిగిపోయింది. "ఏ పచ్చ అన్నయ్యగారూ? పసుపుపచ్చా, ఆకుపచ్చా?"

ఆయన సిగ్గుపడుతూ వంటింటి వైపు చూశారు.

"పెసరట్టు పచ్చ. అల్లం కాస్త ఎక్కువెయ్యమ్మా."