సట్టి అడుగు పప్పు

మా ఇంటామె కిందటి నెలలో, ఒక ఆదివారం మధ్యాహ్నం, మార్కాపురంలో మా ఇంట్లోనే కన్నుమూసింది. చర్చి నుంచి వచ్చి వంట చేసింది. తిన్నాము. కాసేపు నడుం వాలుస్తానని మంచం మీద ఒరిగింది. మళ్లీ లేవలేదు. గుండె ఆగిందన్నారు. సూదులు, గొట్టాలు, ఆసుపత్రి మంచం ఏవీ ఆమె చూడలేదు. వార్త అందని బంధువులకూ, మస్కట్‌లో ఆమె చేతి వంట తిన్నవాళ్లకూ తెలియజేయడానికి ఈ నాలుగు మాటలు.

మా వైపు చావు ఇంటికి వచ్చినవాళ్లు ముందుగా అడిగేది ఒకటుంది. తిన్నదా అని. ఆకలితో పోయిన మనిషి గురించి ఆ ఇంట్లో చాలాకాలం బాధ ఉండిపోతుంది. ఆ సాయంత్రం పామూరు నుంచి ఆమె అక్క వచ్చింది. చెల్లెలి కాళ్ల దగ్గర కూర్చుని, నా వైపు తిరిగి అదే అడిగింది.

"తిన్నదా నాయనా, మా పాప?"

"తిన్నది వదినా. మాతోపాటే కూర్చోని తిన్నది. వేడిగా తిన్నది."

ఆమె అక్క కొంగుతో ముఖం తుడుచుకుని, "అట్లయితే సరే" అన్నది. పక్కనున్నవాళ్లకు ఈ వేడి సంగతేమిటో అర్థం కాలేదు. ఎవరూ అడగలేదు. చెప్పే సమయం కూడా కాదు అది. ఇప్పుడు చెబుతాను.

నేను బీకాం చదివి కొన్నాళ్లు మార్కాపురంలో ఒక పలకల ఫ్యాక్టరీలో లెక్కలు రాశాను. పెళ్లయిన రెండో ఏట మస్కట్ వెళ్లి ఒక నిర్మాణ కంపెనీలో స్టోర్ కీపర్‌గా చేరాను. ఆమె కొనకనమిట్ల దగ్గర మా ఊళ్లో, మా అమ్మానాయనలు, ఇద్దరు అన్నలు, వాళ్ల పెళ్లాం బిడ్డలు ఉన్న ఇంట్లో ఉండేది. నేను రెండేళ్లకొకసారి సెలవు మీద వచ్చి పోయేవాణ్ణి. ఒకసారి తిరుగు ప్రయాణంలో బస్సు దాకా వచ్చి, "నువ్వు చుట్టం మాదిరి వస్తాండావు" అన్నది. నవ్వుతూనే అన్నది. ఆ తర్వాత కొన్నేళ్లకు జీతం పెరిగి, ఆమెను తెచ్చుకునే వీలు దొరికింది. మాకు పిల్లలు లేరు. ఉన్నది మేమిద్దరమే. ఇక కలిసి ఉంటామనుకున్నాం.

ఒక గది. వంటగది ఇంకో కుటుంబంతో పంచుకున్నది. గ్యాసు పొయ్యి, కొళాయి నీళ్లు, కింద వీధిలోనే మనవాళ్ల దుకాణం. కందిపప్పు, చింతపండు, ఎండుమిరపకాయలు, శుక్రవారం వస్తే గోంగూర కట్టలు. దొరకనిది లేదు. వచ్చిన మొదటి రోజే పప్పు చేసింది. వేడి అన్నంలో కలిపి ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, నెమ్మదిగా నమిలి, మింగింది.

"ఇది మన పప్పు కాదయ్యా" అన్నది.

నాకు బాగానే ఉంది. ఆ మాటే చెప్పాను. ఆమె ఇంకో రెండు ముద్దలు తిని పళ్లెం పక్కకు జరిపింది. ప్రయాణ బడలిక అనుకున్నాను.

మరుసటి రోజూ అంతే. ఆ వారమంతా అంతే. చారు అంతే, వంకాయ కూర అంతే. నాటుకోడి తెచ్చినా అంతే. ఊరగాయ ఒక్కటి మాత్రం ఇంటి మాదిరే ఉందనేది. మజ్జిగ కూడా. ఆ రెండింటితోనే కడుపు నింపుకునేది. అది విని కూడా నాకు ఏమీ తోచలేదు.

నా చదువుకు తగ్గట్టు నేను ఆలోచించాను. ముందు పప్పు మార్చాను. దుకాణంలో ఉన్న రకాలన్నీ అయ్యాయి. ఒకరోజు గింజలు అరచేతిలో పోసుకుని కిటికీ దగ్గర వెలుతురులో చూస్తుంటే, "బీకాం చదివినోడివి, దానికి కూడా పరీక్ష పెడతాండావా" అన్నది. తర్వాత నీళ్లు. కొళాయి నీళ్లు మాని సీసా నీళ్లతో వండించాను. తర్వాత సన్న ఉప్పు మాని రాతి ఉప్పు. చివరికి గిద్దలూరాయన ఒకరు సెలవు మీద వెళుతుంటే మా ఇంటికి కబురు పెట్టాను. మా చేలో పండిన కందిపప్పు, పప్పు ఎనిపే మట్టి సట్టి, రెండూ తెమ్మన్నాను. పాపం ఆయన ఆ సట్టిని దుప్పట్లో చుట్టి, విమానంలో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. తనిఖీలో విప్పించి, ఇదేమిటని అడిగారట. పప్పు వండుకునేదని చెబితే నమ్మలేదట.

మా చేను పప్పు, మా ఊరి సట్టి. ఆరోజు వండేటప్పుడు గదంతా మా ఇంటి వాసన వచ్చింది. ఆమె పొయ్యి ముందు నిలబడి పీల్చుకుంది. వేడివేడిగా ఇద్దరికీ వడ్డించింది. మొదటి ముద్ద తిని తల వంచుకుని కూర్చుంది.

"ఇది కూడా కాదు" అన్నది.

అప్పటికి ఆమె బాగా చిక్కింది. గాజులు మోచేతి దాకా జారేవి. రవికెలకు లోపల కుట్లు వేసుకుంది. నాకు భయం పట్టుకుంది. ఆసుపత్రికి తీసుకుపోయాను. రక్తం తీశారు, ఫోటోలు తీశారు. జబ్బేమీ లేదన్నారు. జబ్బు లేకుండా మనిషి ఎందుకు కరిగిపోతుందో వాళ్లూ చెప్పలేదు. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు ఆమె అన్నది: "నన్ను పంపియ్యయ్యా. ఇక్కడి తిండి నా ఒంటికి పడటంలే. అక్కడన్నా బతుకుతా." నేను సరేనన్నాను. ఆమె పోవడం అంటే మళ్లీ నేనొక దేశం, ఆమె ఒక దేశం. అది ఇద్దరికీ తెలుసు.  టికెట్టు చూస్తానని చెప్పాను.

ఆ వారంలోనే కంపెనీలో స్టాకు లెక్క పడింది. మధ్యాహ్నానికి రాలేను, నువ్వు తినేయమని ఫోను చేశాను. అక్కడే క్యాంటీన్‌లో ఏదో తిన్నాను. గదికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. తలుపు తీసి ఉంది. ఆమె వంటగదిలో పొయ్యి పక్కన నేల మీద కూర్చుని ఉంది. సట్టి ముందు పెట్టుకుని, చల్లటి అన్నం అందులోనే వేసి, గరిటెతో అడుగు గోకి కలుపుకుని తింటోంది. నేను వచ్చింది కూడా గమనించలేదు. అంత ఇష్టంగా తినడం ఆమె మస్కట్ వచ్చాక నేను చూడలేదు.

అలికిడికి తల ఎత్తింది. కళ్లల్లో నీళ్లు.

"ఏమయ్యా, ఇదే. మన ఇంటి పప్పు ఇదే."

పక్కన కూర్చున్నాను. ఒక ముద్ద నా చేతిలో పెట్టింది. రోజూ నేను తినే పప్పే అది. కానీ చల్లారి గట్టిపడింది. పులుపూ ఉప్పూ దిగి నిలిచాయి. వెల్లుల్లి, ఎండుమిరపకాయ నాని మెత్తబడ్డాయి. అడుగున కాస్త మాడు వాసన. నాకది కొత్త రుచి. మా ఇంటి పప్పులో ఇలాంటి రుచి ఒకటి ఉందని నాకు తెలియదు.

ఆమె తింటూ తింటూ ఆగింది. ఏదో లెక్క వేసుకుంటున్నట్టు కాసేపు సట్టి వైపు చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది.

"నేనెప్పుడు వేడిది తిన్నా, చెప్పు?"

ఆలోచించాను. మా ఇంట్లో ముందు నాయన, అన్నలు, సెలవులో ఉంటే నేను. తర్వాత పిల్లలు. తర్వాత అమ్మ. అమ్మ వెనక కోడళ్లు, వాళ్లల్లో చిన్నది ఆఖరున. పెళ్లికి ముందు పామూరులో కూడా మగవాళ్లు చేలనుంచి వచ్చి తిన్నాక అక్కచెల్లెళ్లిద్దరూ వాళ్లమ్మతో కలిసి పొయ్యి దగ్గర కూర్చునేవాళ్లు. పొయ్యి మీద నుంచి దించిన పప్పు ఆమె వండింది, వడ్డించింది, ఎన్నడూ తినలేదు. ఆమె ఎరిగిన పప్పంటే ఆఖరున సట్టి అడుగున మిగిలిందే. కూర అంటే చల్లటి కూర, చారు అంటే తేరిన చారు. మస్కట్‌లో ఆమెను నాతోపాటు కూర్చోబెట్టి వేడిగా తినిపించడంతో, తెలిసిన తిండి కాస్తా తెలియని తిండి అయింది. ఊరగాయ, మజ్జిగ ఎప్పుడు తిన్నా చల్లనివే కాబట్టి అవి మారలేదు.

జబ్బు కాదు. నీళ్లు కాదు. దేశం కూడా కాదు. నా గుండె మీద నుంచి పెద్ద బండ దించినట్టయింది. ఆమె ఇంకా నవ్వుతోంది. "పాపం ఆ గిద్దలూరాయన, సట్టిని చంటిబిడ్డ మాదిరి మోసకొచ్చినాడు" అని, మళ్లీ నవ్వింది. టికెట్టు మాట మళ్లీ మా ఇంట్లో రాలేదు.

మర్నాటి నుంచి పొద్దున్నే వండి తన వాటా కిటికీలో పెట్టేది. నాకు వేడిగా వడ్డించి ఎదురుగా ఊరికే కూర్చునేది. నాకది బాగాలేదు. నేనూ ఆగుతానన్నాను. "చల్లారినాక నీకేం రుచి ఉంటదయ్యా" అన్నది. కొన్నాళ్లు వాదించుకున్నాం. నేను కాస్త ఆగడం, ఆమె కాస్త తొందరపడటం. చివరికి ఇద్దరం గోరువెచ్చటి పప్పు దగ్గర కుదిరాం. మా కాపురం నిజంగా అప్పుడు మొదలైందని నేను అనుకుంటాను. గాజులు మళ్లీ మణికట్టు దగ్గరికి వచ్చాయి. రవికెల కుట్లు విప్పుకుంది. పోనుపోను వేడి ముద్దను కూడా అరచేతిలో అటూ ఇటూ దొర్లించి, ఊదుకుని తినడం నేర్చుకుంది. ఆ ఊదడం చివరిదాకా ఉంది.

చాలా ఏళ్లు అక్కడ ఉన్నాం. మార్కాపురం వచ్చి చిన్న ఇల్లు కట్టుకున్నాం. నాయన అప్పటికే లేడు. అమ్మను మా దగ్గరికి తెచ్చుకున్నాం. కొత్త ఇంట్లో మొదటి రోజు సట్టి మధ్యలో పెట్టి, మూడు పళ్లేలు వేసింది. అమ్మ గోడకు ఆనుకుని నిలబడింది.

"కూర్చో అత్తా."

"మీరు తినండి పాపా. నాకు వేడిది సయించదు."

మా ఇంటామె నా వైపు చూసింది. నేను ఆమె వైపు చూశాను.

"నాకూ అట్లనే ఉండె అత్తా. అలవాటైతది, కూర్చో."

అమ్మ కూర్చుంది, కోడలి పోరు పడలేక. ఒక ముద్ద తిని, "ఉప్పు మర్చిపోయినావా" అని అడిగింది. మా ఇంటామె పళ్లెం దించి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. అమ్మకు అలవాటు కావడానికి నెలలు పట్టింది. ఇప్పుడు వేడిగా లేకపోతే అమ్మే ఒప్పుకోదు.

ఆ ఇంటికి ఎవరు వచ్చినా ఆడామగా అందరూ ఒక్కసారే కూర్చోవాలి. "ముందు కూర్చోండి, తర్వాత మాట్లాడుకుందాం" అనేది. చర్చిలో ప్రేమవిందు జరిగితే వడ్డించే ఆడవాళ్ల చేతుల్లో గరిటెలు లాక్కుని వాళ్లను పంక్తిలో కూర్చోబెట్టేది. కొందరికి నచ్చేది కాదు. ఆమె వాళ్లతో తగవు పడలేదు. గరిటె మాత్రం తిరిగి ఇచ్చేది కాదు.

కానీ అందరితో తిన్నాక కూడా సట్టిలో కాస్త వదిలేది. పొద్దు వాలేవేళ పెరటి గడపలో కూర్చుని, గరిటెతో గోకి, రెండు ముద్దలు కలుపుకుని తినేది. ఇంకా ఎందుకని ఒకసారి అడిగాను. "అప్పుడు మిగిలింది తింటి. ఇప్పుడు మిగుల్చుకోని తింటాండా" అన్నది. ఆ జవాబు నాకు చాలింది.

ఆ ఆదివారం కూడా పప్పే. అమ్మ, ఆమె, నేను కలిసి కూర్చున్నాం. ఆమె ఊదుకుంటూ తిన్నది. సట్టిలో కాస్త ఉంచి, మూత పెట్టి, మంచం మీద ఒరిగింది.

పోయిన వారం ఆమె జ్ఞాపకార్థం ఆదరణ కూడిక పెట్టాం. ప్రార్థన అయ్యాక భోజనాలు. షామియానా కింద మగవాళ్లు అలవాటుగా ముందు పంక్తి వైపు నడిచారు. ఆడవాళ్లు ముందు కూర్చుంటారని చెప్పాను. ఒకరిద్దరు నవ్వారు. పాస్టరు గారు వెనక్కి వచ్చి నీళ్ల జగ్గు అందుకున్నారు. మా అమ్మ, పామూరు అక్క, మా అన్నల భార్యలు, చర్చి ఆడవాళ్లు వరసగా కూర్చున్నారు. నేను పప్పు వడ్డించాను. విస్తళ్లలోంచి ఆవిరి లేచింది. చాలామంది వేళ్లు పెట్టి చటుక్కున వెనక్కి తీసుకున్నారు. ఊదుకున్నారు. అమ్మ మాత్రం తల వంచుకుని వేడివేడిగా తింటూ పోయింది.

అందరూ తిని, చేతులు కడుక్కుని, వెళ్లేవాళ్లు వెళ్లాక నేను పళ్లెంలో అన్నం పెట్టుకుని వంటింటి వాకిట్లో కూర్చున్నాను. పెద్ద వంటలు బయట వంటవాళ్లు చేశారు. ఆమె అక్క మాత్రం మా పొయ్యి మీద, మస్కట్ పోయి వచ్చిన ఆ సట్టిలో, వేరుగా కాస్త పప్పు ఎనిపింది. అందులో మిగిలింది కొంచెమే.

"చల్లారిపోయింది నాయనా. ఉండు, వేడి చేసకొస్తా."

"వద్దు వదినా. అడుగుది వెయ్యి."

ఆమె ఒక్క క్షణం నా ముఖం చూసింది. లోపలికి పోయింది. గరిటె మట్టి సట్టికి రాసుకుంటున్న చప్పుడు వినిపించింది. చిన్నప్పటి నుంచి విన్నదే, మేము తిని లేచాక వంటింట్లోంచి వచ్చేది. ఈసారి అది నా పళ్లెం కోసం వస్తోంది. అన్నం మధ్యలో గుంట చేసుకుని కూర్చున్నాను.