పాత కంప్యూటర్లో వాన

మా అమ్మాయి కదిరిలో కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. ఈ రోజు ఇంట్లో మూలపడ్డ పాత కంప్యూటర్‌ను శుభ్రం చేసి, మా పాటలూ ఫోటోలూ అన్నీ అందులో దాచి, దేవుడి గది పక్కన పెట్టింది. అందులో ఉన్నవి హాల్లోని కొత్త కంప్యూటర్ నుంచి వైరు ద్వారా వినవచ్చట. నాకు మాత్రం ఒకటే దిగులు. చనిపోయిన మా అమ్మ పాడిన మంగళహారతి క్యాసెట్ ఎప్పుడో తెగిపోయింది. దాని నకలు మిగిలింది ఆ పాత కంప్యూటర్ పెట్టెలోనే.

"అమ్మ పాట పోలేదు కదమ్మా?"

"యాడికీ పోలేదులేమ్మా, ఇనుకో" అని హాల్లో కంప్యూటర్ మీట నొక్కింది.

అమ్మ గొంతు వచ్చింది. ఆ గొంతు వెనక రేకుల మీద వాన చప్పుడు. పాడిన రోజు వాన కురిసిందని మరిచేపోయాను. కళ్లు మూసుకున్నాను. ఇల్లంతా తడిమట్టి వాసన వచ్చినట్టే ఉంది.

వసారాలో పడుకున్న మా ఆయన దిగ్గున లేచి పెరట్లోకి పరిగెత్తారు. వేరుశనగ చేను వాడిపోతోంది మరి. చెయ్యి చాపి ఆకాశం వైపు చూశారు.

"వాన యాడమే? చప్పుడు ఇనపడతాండాదే!"

"నాయనా, అది కంప్యూటర్లో వాన!" అని అమ్మాయి పగలబడి నవ్వింది.

ఆయన లోపలికొచ్చి, తడవని చేతినే తువ్వాలుతో తుడుచుకుని కూర్చున్నారు.

"మళ్లా పెట్టమ్మా. అత్త పాటా ఇందాము, వానా ఇందాము."

దీపం పెట్టేటప్పుడు ఆ పెట్టెకూ కాస్త కుంకుమ పెట్టి, ఈసారి చేను మీద కురిపించు స్వామీ అనుకున్నాను. నవ్వుకుంటున్నారా? మీరైతే పెట్టరా, చెప్పండి.